పురావు ఒడ్డున పడవలు రాసిన రోజు

బుధవారం పొద్దున మా మనవరాలు మేఘన క్రైస్ట్‌చర్చ్ నుంచి ఫోన్ చేసింది. "అమ్మమ్మా, టైము చూసి రాయడం వచ్చు కదా నీకు?"

నాలుగో తరగతి దాకా చదివాను, ఆ మాత్రం రాదా అన్నాను.

"అయితే రేపు ఫ్లైట్ ఎక్కు. నా ఫ్రెండ్‌కి జ్వరం. శుక్రవారం ఒడ్డున కూర్చుని, పడవ పోయినప్పుడల్లా టైము రాసే మనిషి కావాలి."

అప్పటికప్పుడు కొనే విమానం టికెట్టు నాకు నచ్చదు. కానీ ఆ పిల్ల రెండేళ్ళ కష్టం ఆ ఒక్క రోజు మీద ఆగి ఉంది. గురువారం మధ్యాహ్నం అల్లుడు మౌంట్ రాస్కిల్‌లో మా ఇంటి నుంచి తీసుకెళ్ళి ఎయిర్‌పోర్టులో దింపాడు. గంటన్నర లోపే క్రైస్ట్‌చర్చ్. రాత్రి మేఘన ఫ్లాట్‌లోనే పడక.

అన్నం తింటుండగా తన పని చెప్పింది. నీటికి ఈ ఒడ్డున ఒక డబ్బా తరంగాలు పంపుతుంది, ఆ ఒడ్డున ఇంకొకటి అందుకుంటుంది. మధ్యలో ఏది అడ్డం వచ్చినా దాని నీడ రెండో డబ్బా మీద పడుతుంది. మామూలు రాడార్ వస్తువుకు తగిలి వెనక్కి వచ్చే తరంగాన్ని వెతుకుతుందట. చెక్క పడవలూ, తెడ్డు వేసుకుంటూ పోయే సన్నటి కయాక్‌లూ దానికి సరిగా ఆనవు.

"దీపానికీ గోడకీ మధ్య పిల్లి దూరినా నీడ తప్పదు, అంతేనా?" అన్నాను.

"అంతే. కాకపోతే పిల్లి ఎంత దూరంలో ఉందో చెప్పడం కష్టం. దాటిందని మాత్రం చెప్తుంది."

సముద్రంలో చిక్కుకున్నవాళ్ళను కాపాడే సంఘం ఒకటి ఆ డబ్బాలను ఈ చలికాలం వాడి చూస్తుందట. దానికి ముందు వాళ్ళ మనిషి వచ్చి, డబ్బా పట్టినవీ నేను రాసినవీ పక్కపక్కన పెట్టి చూస్తాడు. ఏమీ లేనిచోట పడవ ఉందని చూపిస్తే పక్కన పడేస్తాడు.

శుక్రవారం మేఘన తెల్లవారుతూనే వెళ్ళిపోయింది. కారు నిండా డబ్బాలు, వైర్లు. నాకు చోటు లేదు. ఉన్నా ఎక్కేదాన్ని కాదు. తొమ్మిది నుంచి మూడు దాకా పెద్దవాళ్ళ కార్డుకు బస్సూ లాంచీ ఉచితం. డ్రైవర్ నా ముఖం చూసి, ఊరికే తీసుకెళ్తున్నాం కదా, కొంచెం నవ్వొచ్చు అన్నాడు. వెనక సీట్లో కూర్చున్నాను. బస్సు కొండ కింద సొరంగంలోంచి పోయి లిటెల్టన్ రేవులో దింపింది. అక్కడి నుంచి డైమండ్ హార్బర్‌కు లాంచీలో పది నిమిషాలు. పక్కన కూరగాయల సంచితో కూర్చున్న ముసలాయన, ఈదురుగాలి లేని రోజు దొరికింది, నీ అదృష్టం అన్నాడు.

లాంచీ దిగి కొండ అంచున పావుగంట నడిస్తే పురావు బే, ఒక చిన్న సముద్రపు పాయ, కనిపిస్తుంది. మొదటి డబ్బా పక్కనే బెంచీ. అవతలి ఒడ్డున మేఘన చీమంత. పదకొండింటికి మొదలుపెట్టాను. తెరచాప పడవ, పదకొండూ ఎనిమిది. మోటారు పడవ, పదకొండూ ఇరవై. పన్నెండున్నరకు పెరుగన్నం, మాగాయ ముక్క తిన్నాను. ఎండ వెచ్చగా ఉంది.

ఒకటిన్నరకు కార్లో మేఘనా, ఆ సంఘం మనిషి గ్రెగ్ నా దగ్గరికి వచ్చారు. ఇద్దరూ కాగితం మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూశారు. అన్నీ కలిశాయి, ఒక్కటి తప్ప. పన్నెండూ యాభై ఒకటికి డబ్బా ఏదో దాటిందంటోంది. నా కాగితం ఖాళీ. గ్రెగ్ పెన్ను మూత పెట్టేశాడు.

మేఘన ముఖం పాలిపోయింది. తెలుగులో మెల్లగా, "అమ్మమ్మా, చూసి రాయడం మర్చిపోయావేమో? గుర్తు తెచ్చుకో" అంది.

ఔనంటే సరిపోయేది. "చూడలేదే. నిద్రపోయాను" అన్నాను.

"నువ్వా?"

ఆదివారం కునుకు తీస్తాడని వాళ్ళ నాన్నను నేను సాధించేది ఆ పిల్లకు తెలుసు. కాగితం లాక్కుని, పన్నెండూ నలభై నుంచి ఒంటిగంటా ఐదు దాకా నిద్ర అని తెలుగులో రాసి సంతకం పెట్టాను. మేఘన అదేమిటో ఆయనకు ఇంగ్లీషులో చెప్పింది. ఆయన నవ్వలేదు, అది నయం. ఆ ఇరవై అయిదు నిమిషాలూ లెక్కలోంచి తీసేస్తాను, బదులుగా ఇంకో గంట చూడాలి, కూర్చోగలరా అని అడిగాడు.

కూర్చోలేదు. రెండు నుంచి మూడు దాకా నిలబడే రాశాను. రెండూ పద్దెనిమిదికి పసుపు కయాక్ ఒకటి నీళ్ళకు ఆనుకుని పోయింది. డబ్బా దాన్ని పట్టింది, నేనూ పట్టాను. ఈసారి అన్నీ కలిశాయి. చలికాలానికి డబ్బాలు అక్కడే ఉంచమన్నాడు గ్రెగ్. నిద్ర మాట లేకుండా కొత్త కాగితం రాసిస్తానని నేనంటే వద్దని, దాన్నే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మేఘన డబ్బాల దగ్గరే ఉండిపోయింది. మూడు దాటింది కాబట్టి తిరుగు లాంచీకీ బస్సుకీ డబ్బులిచ్చాను. మీరూ వెళ్తే ఉదయమే వెళ్ళండి. ఆ బెంచీ మీద పెరుగన్నం మాత్రం తినకండి.

శనివారం విమానంలో నా పక్కన ఆస్పత్రిలో పనిచేసే ఒంగోలు అమ్మాయి కూర్చుంది. "సౌత్ ఐలాండ్ అంతా చూశారా ఆంటీ?" అని అడిగింది.

"పదకొండు పడవలూ ఒక కయాక్ చూశానమ్మా. ఇంకొకటేదో పోయింది. అది చూడలేదు."