మగ్గం గుంతలో నిధి

మాది వరంగల్ కొత్తవాడ. ఇంట్లోనే, కాళ్లు పెట్టుకోవడానికి గుంత తవ్వి దాని మీద బిగించిన మగ్గంపై జంపఖానాలు నేస్తూ, మిగిల్చుకున్న డబ్బుతో పాత నాణేలు కొంటుంటాను. కిందటేడు ఒక చిన్న వెండి నాణెం పోస్టులో తెప్పించుకున్నాను. దక్షిణ అమెరికాలోని పొటోసి టంకశాలలో నాలుగు వందల ఏళ్ల కిందట కొట్టింది. అప్పట్లో వెండిని చేత్తో కత్తిరించేవారు కాబట్టి అంచులు వంకరగా ఉంటాయి.

అది మా ఆయన అన్న కంట పడింది. మా ఆయన నెక్కొండ వెళ్లిన రోజు చూసుకుని, ఆ బావ ఇద్దరు మనుషులతో, గడ్డపారతో వచ్చాడు.

"మగ్గం గుంత తవ్వినప్పుడు లంకెబిందె దొరికింది గదా! మిగతాయి ఏడ దాచినవ్? దీని అంచులు గూడ కోసి అమ్ముకున్నవ్!"

"కొన్నదే బావా, ఇది బయటి దేశంది. సిలువ గుర్తు చూడుండ్రి జర," అంటూ రసీదు చూపించాను.

"దొంగ కాయితాలు నాకు చూపియ్యకు!" అని చింపేశాడు.

అడ్డం వెళితే గడ్డపార ఎత్తాడు. పక్కకు తప్పుకున్నాను. సగం నేసిన జంపఖానాను తెగ్గోసి, గుంతను ఇంకా నడుము లోతు తవ్వించాడు. మట్టి తప్ప ఏమీ రాలేదు. ఇక తప్పు తెలుసుకుంటాడనుకున్నాను.

"అంటే అన్నీ ముందే అమ్మేసినవన్నట్టు," అని వాకిట్లో ఉమ్మేసి వెళ్లిపోయాడు.

ఖాళీ గుంతను కళ్లారా చూసి కూడా నమ్మని మనిషికి ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

– సరోజన, కొత్తవాడ