మాస్టారి మీద కేసు

తన ఇంట్లో ఎవరు పూచికపుల్ల ఎత్తినా సరే, హరిపాల్ మాస్టారు వాళ్ళను చట్టప్రకారం ఉద్యోగిగా నమోదు చేసేవారు. మా ఫిజీలోని ఈ లౌతోకా ఊళ్ళో అలాంటి మనిషి మరొకరు లేరు. అది మా అదృష్టం.

నేను వడ్రంగిని. మొదటిసారి వాళ్ళ తలుపు బందు బిగించడానికి వెళ్తే, సంచి విప్పేలోపే ఒప్పందపత్రం చేతిలో పెట్టారు.

"మాస్టారూ, పది నిమిషాల పని ఇది!"

"పదకొండో నిమిషంలో నీ వేలు తెగితే పరిహారం ఎవరిస్తారు సెమీ, తలుపా? సంతకం పెట్టు."

ఒకసారి విందులో ఆయన బావమరిది మొహమాటానికి రెండు పళ్ళాలు కడిగాడు. మాస్టారు పన్ను నంబరు అడిగారు. ఇప్పటికీ ఆ బావమరిది ఆ ఇంట్లో జేబుల్లోంచి చేతులు తీయడు.

అసలు ఉద్యోగి వసీతి. పందొమ్మిదేళ్ళుగా వంటా ఇల్లూ ఆమెవే. సెలవురోజున గరిటె పట్టుకుంటే మాస్టారు లాక్కునేవారు.

"ఈరోజు నువ్వు పనిచేస్తే నేరం నాది!"

"మీరు వండితే తిన్నవాళ్ళు చస్తారు. ఆ నేరం ఎవరిది?"

ఆ ఏడు తుఫానుకు పల్లెలో వసీతి ఇంటి కప్పు ఎగిరిపోయింది. పని మానేసి ఆ ఇంట్లోనే ఉండాలని ఆమె కోరిక. మాస్టారు రేకులు కొని పంపితే, అదే లారీలో తిప్పి పంపింది.

"కష్టపడి బతికినదాన్ని. దానం పుచ్చుకుని చర్చిలో తలెత్తుకోగలనా? టార్పాలిన్ చాలు."

వానాకాలం ఇంకో రెండు నెలల్లో ఉంది.

మూడు వారాలకు కార్మికశాఖ అధికారి వచ్చాడు. నేను కిటికీ బాగుచేస్తున్నాను.

"హరిపాల్ గారూ, మీ మీద ఫిర్యాదు. వసీతి గారికి మొదటి ఎనిమిదేళ్ళు ప్రావిడెంట్ ఫండ్ కట్టలేదట."

నా సుత్తి జారి కాలి మీద పడింది. మాస్టారి మీదా!

వసీతి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "నేనివ్వలేదయ్యా! బైబిల్ మీద ఒట్టు!"

అధికారి కాగితం రెండుసార్లు చదివాడు. "ఇచ్చినవారు... హరిపాల్. మాస్టారూ, ఇది మీరేనా?"

"నేనే. అప్పట్లో ఇల్లు మా అమ్మ చూసేది. పాత కాగితాలు తిరగేస్తే బయటపడింది. అమ్మ లేదు కాబట్టి బాధ్యత నాది. జరిమానా కూడా రాసుకోండి."

"ఆ డబ్బు నాకొద్దు!" అంది వసీతి.

"ఇది దానం కాదమ్మా, మీ కష్టార్జితం. వద్దన్నా మీ ఖాతాలోనే పడుతుంది," అన్నాడు అధికారి.

వసీతి నోరు తెరిచింది. తిట్ల వరద పారింది.

"ఎనిమిదేళ్ళు! దొంగలకా నేను రొట్టెలు కాల్చి పెట్టింది?"

మాస్టారు తలవంచుకుని విన్నారు. సిగ్గుతో కాదు, నవ్వు దాచుకోవడానికని పక్కనున్న నాకు మాత్రమే తెలిసింది.

ఆ డబ్బుతో వానలకు ముందే కప్పు నేనే వేశాను. కప్పు పూర్తయిన రోజు విందులో వసీతి పల్లె అంతటికీ కేసు తానెలా గెలిచిందో చెప్పింది. ఒక పెద్దాయన మాస్టారి మీదికి లేచాడు.

"ముసలిదాని సొమ్ము తిన్నావు, సిగ్గు లేదూ?"

"లేదండీ," అన్నారు మాస్టారు తృప్తిగా, యంగోనా వేళ్ళ పానీయం నింపిన కొబ్బరిచిప్ప అందుకుంటూ.