మేనత్త ఇంటి మీటరు చక్రం

మొన్న మా నారాయణఖేడ్ ఇంటికి కొత్త మీటరు బిగించి పోయారు. వోల్టులు, ఆంపియర్లు, వాట్లు అన్నీ తనే లెక్కగట్టి ఒకదాని తరువాత ఒకటి చూపిస్తుంది. పాత మీటరులో కరెంటు పారితేనే తిరిగే అల్యూమినియం చక్రం, దాని అంచున ఎర్రటి గుర్తు నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఇందులో అవి లేవు. మీటర్లు పరీక్షించే ఉద్యోగంలో జీవితమంతా గడిపి, చేసిన ప్రతి కొలతనూ డైరీలో రాసుకున్నవాణ్ణి కదా, ఎందుకో అల్మారాలోంచి కొలువులో చేరిన కొత్తలోని డైరీ తీశాను. మనూర్‌లోని మా మేనత్త ఇంటి కొలతలున్న పేజీలు తేమకు అంటుకుపోయి ఉన్నాయి.

మేనత్త అత్తవారిది కన్నడం మాట్లాడే కుటుంబం. మాతో తెలుగే మాట్లాడేది గాని మామతో మాత్రం కన్నడమే. మామ పోయి ఆమె ఒక్కతే మిగిలాక ఆమె నోట ఇక కన్నడం వినబోమనుకున్నాం. ఆయన పోయి ఏడాది నిండిన వానాకాలంలో, ఒక మధ్యాహ్నం బస్సు దిగి వాళ్ల గడపలో కాలు పెట్టబోతుంటే, లోపల ఆమె మెల్లగా, కాస్త గారాబంగా, ‘ఊట ఆయ్తా’ అనడం వినిపించింది. భోజనమైందా అని. తొంగిచూస్తే మీటరు కింద పీట వేసుకుని ఒక్కతే కూర్చుని ఉంది.

“జర మెల్లగ రా కొడుకా. మీ మామ ఉన్నడు. వానలతోని వచ్చిండు.”

ఇంట్లో లైటు లేదు, ఫ్యాను లేదు, స్విచ్చులన్నీ ఆపి ఉన్నాయి. అయినా చక్రం తిరుగుతోంది. ఎర్రటి గుర్తు వస్తోంది, పోతోంది, తొందరేమీ లేకుండా మళ్లీ వస్తోంది.

భయమేస్తే కొలత తీసుకోవడం నాకప్పటికే అలవాటు. తీగను దవడల మధ్య పట్టి కరెంటు కొలిచే టాంగ్ టెస్టరుకు అంత చిన్న కరెంటు అందదు కాబట్టి, నాకు పని నేర్పిన ముసలి లైన్‌మన్ చెప్పినట్టు, ఇంట్లోకి పోయే తీగను దాని దవడలో పది చుట్లు తిప్పి, వచ్చిన అంకెను పదితో భాగించాను. వోల్టేజి 230, కరెంటు 0.26. గుణిస్తే దాదాపు అరవై వాట్లు. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే సుమారు ఎనిమిది వందల ఎనభై అయిదు ఓముల నిరోధం. అచ్చంగా అరవై వాట్ల బల్బు వెలుగుతున్నప్పటి అంకెలు. నా పొరపాటు అక్కడే జరిగింది. అంకెలు బల్బువైతే వస్తువూ బల్బే అనుకుని, అటక మీద, ధాన్యం గదిలో, మామ ట్రంకుపెట్టె వెనక, ఎక్కడో వెలుగుతున్న ఆ ఒక్క బల్బు కోసం పొద్దు వాలేదాకా వెతికాను.

“దొరకడు బిడ్డా,” అని నవ్వింది మేనత్త. “బతికున్ననాడే ఇంట్ల దొరికేటోడు కాదు.”

తరువాత మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు ఎండ పొడిచాక మళ్లీ వెళ్లి కొలిస్తే కరెంటు 0.5. నూట పదిహేను వాట్లు, నిరోధం నాలుగు వందల అరవైకి పడిపోయింది. “వాన వడితె మస్తు సంబరం ఆయనకు,” అంటూ ఆమె జోరుగా తిరిగే చక్రాన్ని మురిపెంగా చూసి, బట్టలు ఉతకడానికి పెరట్లోకి వెళ్లింది. వానకు బల్బు నిరోధం తగ్గదు. అప్పుడు, మొదటి రోజే చేయవలసిన పని చేశాను: ఇంట్లోంచి తిరిగివచ్చే తీగను కొలిచాను. సున్నా. మళ్లీ కొలిచాను. సున్నాయే. ఆ ఇంట్లోకి పోతున్నది పోతూనే ఉంది, తిరిగి మాత్రం రావడం లేదు.

తిరిగి రానిది మట్టిలోకే దిగిపోవాలి. వాకిలి లైటు స్విచ్చు దాకా మామ తన చేత్తోనే మట్టిగోడలో తీగ పూడ్చి పైన మెత్తాడు. ఆ చోటే బట్టలారేసే ఇనుప తీగకు మేకు కొట్టి ఉంది. ఆ మేకుకు స్క్రూడ్రైవరు టెస్టరు ఆనించగానే అందులోని చిన్న దీపం ఎర్రగా వెలిగింది. తల తిప్పితే, పిండిన చీర భుజాన వేసుకుని మేనత్త ఆ తీగ మీదికి చెయ్యి చాస్తోంది.

“అత్తా, ముట్టకు! ఆడనే ఆగు!”

చెయ్యి గాలిలోనే ఆగింది. నిరుటి వానల్లో మామ కూలిపోయింది కూడా ఆ గోడ పక్కనే. గుండె ఆగిందన్నారు. నాకు తట్టిన సంగతి ఆమె ఉన్నన్నాళ్లూ నేను నోరు విప్పి చెప్పలేదు.

మెయిన్ ఆపి, గోడలోకి పోయే తీగ కోసేసి, మళ్లీ మెయిన్ వేశాను. చక్రం కదల్లేదు. మేనత్త వచ్చి దాని ముందు నిలబడింది.

“ఏం జేసినవ్ కొడుకా? ఆగిండేంది?”

“గోడలకు కరెంటు కారుతుండె అత్తా. బంద్ జేసిన. ఇగ భయం లేదు.”

ఆమె ఎర్రటి గుర్తును చాలాసేపు చూసింది. “నాకు భయమెప్పుడైంది?” అంది.

ఆ తరువాత ఎన్నో ఏళ్లు బతికింది. వెళ్లినప్పుడల్లా గడప బయట ఒక నిమిషం ఆగి వినేవాణ్ణి. కన్నడం మళ్లీ వినబడలేదు. ఆనాటి పేజీలో చివరి వరుస ఇప్పటికీ చెదరలేదు: వోల్టేజి 230, కరెంటు సున్నా, పవర్ సున్నా. నిరోధం దగ్గర ఖాళీ. సున్నాతో భాగించడానికి లేదు.

డైరీ మూసి, ఇంట్లో అన్నీ ఆపేసి, కొత్త మీటరు ముందుకు వెళ్లి నిలబడ్డాను. వాట్లు సున్నా అని చూపించింది. పాతదైతే ఆగిన చక్రమన్నా కనిపించేది. ఇందులో ఆగిపోవడానికి కూడా ఏమీ లేదు.