లక్ష డాలర్ల దాకా

అమెరికాలో, ఐడహోలోని మా బ్లాక్‌ఫుట్ ఊళ్ళో బంగాళాదుంపలు తవ్వే రెండు వారాలూ బడులకు సెలవు. బస్సులు నడిపే మాకూ సెలవే. ఆ సెలవుల్లో ఒక మధ్యాహ్నం నేను జెర్రిలిన్ హ్యాచ్ వంటింట్లో కూర్చుని సూపు తాగుతుంటే, ఆమె ఫోన్ చూస్తూ చూస్తూ కెవ్వున కేకేసింది.

"లక్ష డాలర్లు! ఒక్క బిడ్డను కని పెడితే లక్ష డాలర్లట!"

జెర్రిలిన్‌ది తొమ్మిదో నంబరు బస్సు. ముప్పై మూడేళ్ళు, ఇద్దరాడపిల్లలు. నవ్వు మొదలైతే ఆపుకోలేదు. ఒకసారి నవ్వాగక బస్సును రోడ్డు పక్కన నిలిపేసిందని పిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటారు. కడుపుతో ఉండటమంటే ఆమెకు పండగే. వేవిళ్ళు లేవు, నీరసం లేదు, ఆకలొక్కటే. పిల్లలిక చాలనుకున్నాక కూడా, "పెంచే ఓపిక లేదు గానీ, ఇంకోసారి మోస్తే బాగుణ్ణు" అంటూ ఉండేది. ఇంట్లో ఐదుగురికీ ఒకటే స్నానాలగది. రెండోది కట్టించాలన్నది ఆమె కల.

పిల్లలు నిలవని వాళ్ళ బిడ్డను తన కడుపులో మోసి, కని, వాళ్ళ చేతుల్లో పెట్టడం. దీన్నే సరోగసీ అంటారు. మా వైపు చాలామందే చేశారు. ఆ జంటల్నీ, మోసేవాళ్ళనీ కలిపే ఏజెన్సీలూ చాలానే ఉన్నాయి.

"ఏదీ, చదువు" అంది అత్తగారు వెర్లా, కూరగాయలు తరుగుతూనే.

"లక్ష డాలర్ల దాకా సంపాదించండి!"

వెర్లా కత్తి ఆగింది. "దాకా అంటే ఎక్కణ్ణుంచి, పిల్లా?"

ఆవిడ అలా అడగటానికి కారణముంది. నాలుగేళ్ళ కిందట సువాసన నూనెలమ్మే ఒక గొలుసుకట్టు కంపెనీలో చేరింది. నెలకు ఐదు వేల దాకా వస్తాయన్నారు. చివరికి వచ్చింది గరాజునిండా లావెండర్ నూనె. వాళ్ళ కారెక్కితే ఇవాళ్టికీ తుమ్ములొస్తాయి. ఆ దెబ్బతో మోసమన్నది మైలు దూరంలో ఉన్నా ఆవిడ ముక్కుకు తెలిసిపోతుంది.

మర్నాడే ఆ ఏజెన్సీ వాళ్ళు వీడియోలో మాట్లాడారు. తెరమీద పళ్ళన్నీ తళతళలాడుతున్న ఒకావిడ. "జెర్రిలిన్, నువ్వు దేవతవి! నీ ముఖం చూస్తేనే తెలుస్తోంది!" అంది. జెర్రిలిన్ సిగ్గుపడి జుట్టు సర్దుకుంది. పక్కనుంచి వెర్లా తల దూర్చింది.

"దేవతలకు జీతమెంతమ్మా? అదేదో విడివిడిగా చెప్పు."

తళతళలు కాస్త తగ్గాయి. అసలు పరిహారం నలభై రెండు వేలు. కవలలైతే ఇంకో పది వేలు. కోసి బిడ్డను తీస్తే మూడు వేలు. డాక్టరు మంచం దిగొద్దంటే వారానికింత. గర్భసంచి తీసెయ్యాల్సి వస్తే ఐదు వేలు. పోగొట్టుకున్న జీతం, పిల్లల్ని చూసుకునే మనిషి ఖర్చు, ప్రయాణాలు. అన్నీ కలిపితేనే లక్ష.

వెర్లా వేళ్ళు ముడుస్తూ విన్నది. "అంటే మా కోడలికి లక్ష రావాలంటే, కవలలు కడుపులో పడాలి, రెండు నెలలు మంచానపడాలి, పొట్ట కోయించుకోవాలి, ఆపైన గర్భసంచి కూడా మీకే ఇచ్చెయ్యాలి. అంతేగా?"

అంతే, జెర్రిలిన్‌కు నవ్వు పట్టుకుంది. ముందు భుజాలు ఊగాయి, తర్వాత కుర్చీ ఊగింది, తర్వాత మనిషి కనబడలేదు. బల్లకింద నుంచి, "గర్భసంచి... ఐదువేలకే..." అని మూలుగు వినిపిస్తోంది. నాకూ పొట్ట పట్టేసింది. వెర్లా మాత్రం తెర వదల్లేదు.

"ఆ జంట ఇచ్చే డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది?"

"మా దగ్గరేనండీ, భద్రంగా."

"కాగితాలు చూసి చెప్పడానికి మా పిల్ల తరఫు లాయరో?"

"మా లాయరున్నారు, చాలా మంచివారు. ఈ శుక్రవారంలోపు సంతకం చేస్తే రెండు వేలు అదనం!"

"ఉంటామమ్మా" అని వెర్లా ఫోన్ బోర్లించేసింది.

జెర్రిలిన్ కళ్ళు తుడుచుకుంటూ పైకొచ్చింది. "మామ్, నువ్వు నా ఉద్యోగం ఊడగొట్టావు."

"నీ గర్భసంచి మిగిల్చాను. థాంక్స్ చెప్పు."

జెర్రిలిన్ మొగుడు క్లెల్ పొలాలకు నీటిగొట్టాలు బాగుచేసేవాడు. అత్తాకోడళ్ళిద్దరూ ఈ పనిలో ఉన్నారని తెలిసి చెవులదాకా ఎర్రబడ్డాడు. "చర్చిలో అడిగితే ఏం చెప్పను?"

"పొయ్యి మాది, రొట్టె వాళ్ళది అని చెప్పు" అంది జెర్రిలిన్. మళ్ళీ ఇద్దరాడవాళ్ళకీ నవ్వు. పాపం, అతను టోపీ పెట్టుకుని గొట్టాల దగ్గరికి పోయాడు. కానీ ఆ రాత్రి భోజనాల దగ్గర తనే అడిగాడట, "నీకేమైనా అయితే?" అని. ఆ ఒక్క మాటకి మాత్రం జెర్రిలిన్ నవ్వలేదు. మంచి ఏజెన్సీ దొరికితేనే, డాక్టరు సరేనంటేనే అని మాటిచ్చింది.

రెండో ఏజెన్సీ ఐడహో ఫాల్స్‌లో, ఒక పళ్ళ డాక్టరు పైఅంతస్తులో ఉంది. అత్తాకోడళ్ళిద్దర్నీ నేనే తీసుకెళ్ళాను. నడిపేది మోరీన్ అనే పొట్టి మనిషి. తనే ఇద్దరు బిడ్డల్ని వేరేవాళ్ళకు కనిచ్చిందట. దేవత అనలేదు, తియ్యగా మాట్లాడలేదు. మొదటి మాటే, "నీ రెండు కాన్పుల ఆసుపత్రి కాగితాలు కావాలి. అవి చూడకుండా ఏ జంటకీ నీ పేరు చెప్పను. డాక్టరు వద్దంటే ఇక్కడితో ఆపేద్దాం" అంది.

వెర్లా తన ప్రశ్నల చిట్టా విప్పింది. మోరీన్ విసుక్కోలేదు. పరిహారం నలభై ఎనిమిది వేలు, ఖర్చులు వేరే. ఆ డబ్బు ఏజెన్సీ ముట్టుకోదు. మందులు మొదలయ్యే ముందే జంట మొత్తం సొమ్ము వేరే కంపెనీ ఖాతాలో వెయ్యాలి. జెర్రిలిన్ ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు. లాయర్ని జెర్రిలినే ఎంచుకుంటుంది, ఫీజు జంట కడుతుంది. జీవితబీమా కూడా.

"అన్నీ బానే ఉన్నాయి. మీ దగ్గర చేసినవాళ్ళతో మాట్లాడొచ్చా?" అంది వెర్లా.

మోరీన్ ముగ్గురి నంబర్లు రాసిచ్చింది. మూడో పేరు మీద వేలు పెట్టి, "ఈమెకు నామీద కోపం. ఈమెతో తప్పకుండా మాట్లాడండి" అంది.

వెర్లా ముఖం చూడాలి! కారెక్కేదాకా ఆగలేదు, మెట్లమీదే ఆ నంబరు కలిపింది. అవతలి మనిషి నిజంగానే కోపంగా ఉంది. మోరీన్‌కు ఫోన్ చేస్తే రెండ్రోజులకి గానీ పలకదట. నాలుగో నెలలో గర్భం పోయినప్పుడు పూలైనా పంపలేదట.

"మరి డబ్బు?" అంది వెర్లా.

"అది చెప్పకపోతే పాపం. ఒక్క నెల కూడా ఆగలేదు. బిడ్డ పోయాక కూడా ఒప్పందంలో రాసినదంతా వచ్చింది. నేను కోలుకునే వరకు జీతం ఇప్పించింది. కోపం కోపమే, కానీ మళ్ళీ చేస్తే ఆవిడ దగ్గరే చేస్తాను."

వెర్లా ఫోన్ పర్సులో వేసుకుని, మెట్లమీద నిలబడి చిన్నపిల్లలా రెండు చేతులూ పైకెత్తింది. "దొరికింది! పూలు మనమే కొనుక్కుందాం!"

డాక్టరు సరేనన్నాక మోరీన్ కలిపిన జంట, దేశానికి ఆ కొసనున్న వెర్మాంట్ వాళ్ళు. ఇంగ్రిడ్, ఏమస్. అతను పియానోలు శ్రుతి చేస్తాడు. ఆమెకు గర్భాలు నిలవవు. మొదటి వీడియోలో ఇంగ్రిడ్ రెండుసార్లు కుర్చీ సర్దుకుంది. చివరికి, "నీకు... మంచులో బస్సు నడపడం కష్టం కాదా?" అని అడిగింది. జెర్రిలిన్, "వెనకాల నలభైమంది రెండో తరగతి వాళ్ళుంటే మంచు గుర్తుకురాదు" అంది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. అది ఎంతసేపు సాగిందంటే ఏమస్ లేచి టీ పెట్టుకొచ్చాడు.

డాక్టర్లు మొదటిసారి పెట్టిన పిండం నిలవలేదు. ఆ వారం జెర్రిలిన్ బస్సుల యార్డుకు తల వంచుకునే వచ్చిపోయింది. ఇంగ్రిడ్ ఏడుస్తూ తిరిగి ఈమెనే ఓదార్చింది. రెండోసారి నిలిచింది. ఆ రోజు మా జెర్రిలిన్ బస్సుల మధ్య లేగదూడలా గంతులేస్తుంటే, "మెల్లగా, అది నీది కాదు!" అని అందరం కేకలేశాం.

పొట్ట స్టీరింగుకు తగిలే వేళకి రక్తపోటు కొంచెం పెరిగింది. డాక్టరు బస్సు ఆపమన్నాడు. రాసుకున్నట్టే పోయిన జీతం వారం వారం పడింది. వెర్లా ప్రతి శుక్రవారం ఖాతా చూసి, "పడింది" అని ఇల్లంతా వినబడేలా అరిచేది. పరిహారం డబ్బుతో వసంతంలో రెండో స్నానాలగదికి గోడలు లేచాయి. మొదటి స్నానం వెర్లాదే. గంటన్నర.

మొదలుపెట్టిన ఏడాదిన్నరకి, ఏప్రిల్లో ఆడపిల్ల పుట్టింది, ఎనిమిది పౌన్లు. పిల్లను వెర్మాంట్ నుంచి వచ్చి కాచుకున్న ఇంగ్రిడ్ గుండెలమీద పెట్టగానే ఇంగ్రిడ్ నవ్విందో ఏడ్చిందో చెప్పలేను. జెర్రిలిన్ మాత్రం, "ఎవరైనా నాకొక బర్గర్ తెస్తారా?" అని అడిగింది. ఇంటికొచ్చాక మూడ్రోజులు పాలు పొంగి, కారణం లేకుండా కళ్ళనీళ్ళొచ్చాయట. "బాధ కాదే, ఒళ్ళు లెక్క తప్పింది" అని నాతో అంది. నాలుగోరోజు లేచి తిరిగింది.

ఇక చర్చి ఆడవాళ్ళకు పెద్ద చిక్కొచ్చిపడింది. ఎవరైనా కంటే వంటకాలు పంపడం మా వాడుక. మరి ఇంట్లో బిడ్డ లేదు, బాలింత ఉంది. పంపాలా వద్దా? ఒకరినొకరు అడగడం మొహమాటమై, ఎవరికి వాళ్ళే చీజు వేసిన బంగాళాదుంపల పళ్ళెం చేసి, ఒకే సాయంత్రం తలుపు తట్టారు. పదకొండు పళ్ళేలు! క్లెల్ ఒక్కొక్కటే అందుకుంటూ, ఎర్రబడుతూ, "థాంక్సండీ, పాప బావుందండీ, వెర్మాంట్‌లో ఉందండీ" అని పదకొండుసార్లు చెప్పాడు. ఫ్రిజ్‌లో పట్టక మర్నాడు ఆరు పళ్ళేలు యార్డుకు పట్టుకొచ్చాడు. మేం బస్సులు బయల్దేరే ముందు నిలబడే తిన్నాం.