సున్నాకి తిప్పిన మీటరు

చోడవరంలో పాత బుల్లెట్ బళ్ల మీటర్లు బాగుచేసేది గణపతిరావొక్కడే. మీటరుని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తాడు. అద్దం తీసి లోపలి దుమ్ము నోటితో ఊదుతాడు, వెలిసిపోయిన అంకెలకు సన్నటి కుంచెతో తెల్లరంగు దిద్దుతాడు. చివర్న, బండి అప్పటిదాకా తిరిగిన కిలోమీటర్లన్నీ సున్నాకి తిప్పేస్తాడు. కొత్తదానిలా ఉందని అందరూ మురిసిపోతారు. రావికమతం నుంచి వచ్చిన గున్నమ్మ మాత్రం, చనిపోయిన భర్త బండి మీటరులో వరసగా ఒకేలాంటి గుండ్రాలు చూసి అక్కడే కూలబడింది.

“ఆయన తిరిగిందంతా తుడిసేసేవేటి బాబూ?”

గణపతిరావు కంగారుగా స్క్రూడ్రైవరు అందుకుని అద్దం విప్పాడు. “ఎంతుండీదో సెప్పమ్మా, మళ్లీ తిప్పేస్తాను.”

“నాకు అంకెలు రావు బాబూ. రోజూ ఇంటికొచ్చేక ఆయనే సదివి సెప్పీవోడు.”

లోపలి చక్రాల మీద వేలు పెట్టిన గణపతిరావుకి, వాటిని ఎక్కడ ఆపాలో తెలియలేదు.