ఎనిమిది రోజుల యజమాని

మొన్న డెట్రాయిట్ పక్కనున్న మా ట్రాయ్‌లో కూరగాయలకని వెళ్తే, షాపు గుమ్మంలోనే యూదుల పాసోవర్ పండగ రొట్టెల డబ్బాలు ఎత్తుగా పేర్చి కనిపించాయి. పులియని పిండితో చేసే ఆ పల్చటి రొట్టెలను చూడగానే, ఒకప్పుడు ఏటా ఆ పండగ ఎనిమిది రోజులూ ఒక పేటంతటి పిండికీ, విస్కీకీ నేనే యజమానినన్న సంగతి గుర్తొచ్చి నవ్వొచ్చింది.

డెబ్బైల చివర డెట్రాయిట్‌లో కార్ల కంపెనీలో చేరిన కొత్తలో, మేము అద్దెకున్న వీధిలో యూదుల ప్రార్థనామందిరం ఉండేది. దాని గురువుగారిది మా పక్కిల్లే. ఆ పండగ రోజుల్లో రొట్టె, గోధుమపిండి, విస్కీ లాంటివి వాళ్లు ముట్టకపోవడమే కాదు, సొంతానికి ఉంచుకోనూ కూడదట. అందుకని అన్నీ అలమారల్లో పెట్టి తాళం వేసి, పరాయి మతస్థుడికి కాగితం మీద అమ్మేసి, పండగ వెళ్లాక తిరిగి కొనుక్కునేవారు. అంతకుముందు కొనే పోస్ట్‌మాన్ రిటైరై ఫ్లోరిడా వెళ్లిపోవడంతో ఆ పదవి నాకు దక్కింది.

"పక్కపక్క ఇళ్లవాళ్లం, మనకి కాగితాలెందుకండీ?" అన్నాను మొదటి ఏడు. గురువుగారు నవ్వలేదు. "అమ్మకమంటే అమ్మకమే. పండగ మధ్యలో నువ్వొచ్చి ఫలానా సీసా కావాలంటే మేము ఇచ్చి తీరాలి" అన్నారు. నేనెప్పుడూ అడగలేదనుకోండి. మా ఆవిడ మాత్రం, "ఇన్ని బస్తాల ఆసామి ఇంట్లో చపాతీకి పిండి లేదండీ, కాస్త స్టోర్‌కి వెళ్లిరండి" అని ఏడిపించేది.

మొదట్లో ఆ కాగితంలో అమ్మే కుటుంబాల జాబితా నాలుగు పేజీలుండేది, ఎవరి అలమార ఏ గదిలో ఉందో సహా. పిల్లల స్కూళ్లనీ, పేటలో దొంగల భయమనీ ఒక్కో కుటుంబమే ఊరి బయటి సౌత్‌ఫీల్డ్ వైపు వెళ్లిపోతుంటే ఏటేటా పేర్లు తగ్గుతూ వచ్చాయి. తాను కదిలితే మందిరం మూతపడుతుందని, కూతురు ఎంత బతిమాలినా ఆయన మాత్రం అక్కడే ఉండిపోయారు. ఎనభైల నడుమ ఒక ఏడు ఆయన తెచ్చిన కాగితంలో ఒక్క పేరే ఉంది, ఆయనదే. తలెత్తి ఆయన ముఖం చూడలేక, గబగబా సంతకం పెట్టేశాను.

పండగ ముగిసిన మర్నాడు పొద్దున ఆయన కూతురి కారులో సామాను సర్దుతూ కనిపించారు. నేను కాగితం పట్టుకుని పరుగెత్తుకెళ్లాను. "ఈసారి తిరిగి కొనడం లేదు. పిండి మంచిదే, మీ ఇంట్లో వాడుకోండి" అని అలమార తాళంచెవి నా చేతిలో పెట్టారు.

ఆ ఆదివారం మా ఆవిడ ఆ పిండితో పూరీలు చేసింది. అన్నేళ్లూ కొన్నవాటిలో నిజంగా నాదైంది అదొక్కటే. పూరీలు బాగానే పొంగాయి.

మందిరం ఇప్పుడు చర్చి అయింది. మేమూ ట్రాయ్ వచ్చేసి చాలా ఏళ్లయింది. ఇక్కడి పొరుగువాళ్లూ మంచివాళ్లే, పండగలకి స్వీట్ బాక్సులు ఇచ్చిపుచ్చుకుంటాం. కానీ తన పండగ సవ్యంగా జరగాలంటే నేను కావాలని వచ్చి తలుపు తట్టిన మనిషి మళ్లీ ఒక్కరూ లేరు.