టెంకాయకు గ్రీకు మూలం

ముందే ఒప్పుకుంటున్నాను: నా కథలోకి పిల్లి దూరితే, బయటికొచ్చేసరికి చిరుతపులి అయివుంటుంది. కాస్త తగ్గించుకుని చదవండి. ఆ రోజుల్లో పెనుకొండలో డిగ్రీ పాసై ఖాళీగా ఉన్నవాళ్ళలో నా అంత ఇంగ్లీషు పండితుడు లేడు (అని నేనే తీర్పిచ్చుకున్నాను; పోటీకి ఎవరూ రాలేదు). మా నాయన మాత్రం, "హిందూపురం ట్యుటోరియల్లో ఈ ఇంగ్లీషు సారు కొలువు రాకుంటే, ధర్మవరం పోయి మీ మామ మగ్గం కాడ కూర్చో," అని తేల్చేశాడు. దారం సూదిలోకి ఎక్కించలేనివాణ్ణి, పట్టుచీర నేయాలట!

అందుకని డెమో క్లాసుకు ముందురోజు పాత నిఘంటువు తిరగేస్తే, సాగదీయడమనే అర్థమున్న 'టెన్', 'టెండ్' లాంటి లాటిన్, గ్రీకు ధాతువులు దొరికాయి. మర్నాడు క్లాసులో ఇక చూడండి! "టెంటంటే సాగదీసి కట్టిన గుడ్డ. అటెన్షనంటే మనసును అటువైపు సాచడం. హైపోటెన్యూసంటే లంబకోణం కింద లాగిపెట్టిన గీత. టెటనస్ అంటే కండరాలు బిగలాగే జబ్బు. ప్రిటెండ్ అంటే లేనిదాన్ని ముందుకు చాపడం," అని ఉరిమాను (చివరి మాట దగ్గర ఎందుకో నాకే దగ్గొచ్చింది). ఎనభైమంది పిల్లలు (సరే, పద్దెనిమిది మంది) ఊపిరి బిగబట్టారు. వెనక బెంచీలో ట్యుటోరియల్ యజమాని, అందరూ మీసాల సారు అనే పెద్దమనిషి, తల ఊపుతున్నాడు. కొలువు జేబులో పడినట్టే.

అప్పుడు ముందు బెంచీ అమ్మాయి లేచింది. "సార్, అట్లయితే మన టెంకాయ కూడా ఆ జాతేనా సార్?"

"గ్రీకేనమ్మా! చెయ్యి పైకి సాచి కోస్తాం కదా!"

పదిహేడు పెన్నులూ రాసుకున్నాయి. ఆ అమ్మాయి మాత్రం కూర్చోలేదు.

"మాది ధర్మవరం సార్. మగ్గం మీద పడుగు దారాలు బిగువుండాల గానీ, ఎక్కువ లాగితే పోగు పుటుక్కుమంటాదని మా నాయన చెప్తాంటాడు. ఇప్పుడు ఆ శబ్దం ఈడ ఇనపడింది సార్!"

క్లాసు గొల్లుమంది. మీసాల సారు కూడా నవ్వి, "ఏమప్పా, పిల్లోళ్ళు గంటసేపు కదలకుండా ఇన్నారు, రేపట్నుంచి రా. ఆ టెంకాయ సంగతి మాత్రం తెలీదని చెప్పేసి, బోర్డు తుడువు," అన్నాడు.

నేను హుందాగా బోర్డు తుడిచి, "తెలీదమ్మా, తప్పు చెప్పినాను," అన్నాను. కొలువు వచ్చింది.

ఇందులో నేను కల్పించింది ఈ చివరి ముక్కే. నిజానికి సుద్దముక్క ఝళిపిస్తూ, "గ్రీసులో టెంకాయలు లేవని మీరు చూసొచ్చినారా సార్?" అని అరగంట వాదించి, మర్నాడే ధర్మవరం బస్సెక్కాను.

ఇప్పుడు తెలీదనడం బాగానే వచ్చింది. అడిగేవాళ్ళే లేరు.